నగరపు వెలుతురులో 80 మి.మీ. టెలిస్కోప్, గెలాక్సీల వేట: ఏళ్ల తరబడి వాడాక

నగరంలో ఉండి చిన్న టెలిస్కోప్‌తో గెలాక్సీల ఫొటోలు తీయడం పనవుతుందా అని అడిగేవాళ్లకు ముందే చెబుతున్నాను, అవుతుంది. అయితే ఏ గెలాక్సీ ఫొటోలో పడుతుంది, ఏది పడదు అన్నది దాని దూరాన్ని బట్టి తేలదు. దాని వెలుగు ఎంత చిక్కగా ఉందో, ఎంత పలచగా ఉందో దాన్ని బట్టి తేలుతుంది.

నేను వాడేది 80 మి.మీ. ట్రిప్లెట్ రిఫ్రాక్టర్, అంటే ముందు మూడు కటకాలున్న టెలిస్కోప్. ఎఫ్/6, అంటే ఫోకల్ లెంగ్త్ 480 మి.మీ. వెనకాల సోనీ ఐఎంఎక్స్533 సెన్సర్ ఉన్న కూల్డ్ (సెన్సర్‌ను చల్లబరిచే) కలర్ కెమెరా, కింద ఆకాశంతో పాటు తిరిగే ఈక్విటోరియల్ మౌంట్, పైన ఆ గురి తప్పకుండా చూసే చిన్న గైడ్ స్కోప్. పిక్సెల్‌కు 1.6 ఆర్క్‌సెకన్లు (డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్‌సెకను), ఫ్రేము ఒక్కో వైపు సుమారు 1.35 డిగ్రీలుండే చదరం. ఆకాశపు చీకటిని 1 నుంచి 9 దాకా కొలిచే బోర్టల్ స్కేలులో మా ఆకాశం 8, అంటే బాగా వెలుతురున్నది. ఇక్కడ పాలపుంత ఊసే ఉండదు. సప్తర్షులు ఏడుగురూ కనిపిస్తే ఆ రాత్రి బాగున్నట్టే లెక్క.

ఎం104, అదే సోంబ్రెరో గెలాక్సీ (ఎం అంటే మెస్సియర్ జాబితాలోని నంబరు), సుమారు 3 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ఎం33 దూరం 30 లక్షలు కూడా లేదు. అయినా మొదటిది గంటలోపే నల్లటి ధూళి పట్టీతో సహా బయటపడుతుంది, రెండోది రాత్రంతా తీసినా మసక మసకగానే ఉంటుంది. గెలాక్సీ దూరమయ్యే కొద్దీ దాని మొత్తం వెలుగు తగ్గినా, ఆకాశంలో అది పరుచుకునే చోటు కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది. అందుకని చదరపు ఆర్క్‌సెకనుకు వచ్చే వెలుగు మారదు. నగరంలో మన పోరు ఈ చదరపు వెలుగుతోనే. నా ఆకాశం చదరపు ఆర్క్‌సెకనుకు 18వ మాగ్నిట్యూడ్ దగ్గర ఉంటుంది (ఈ అంకె పెరిగే కొద్దీ వెలుగు తగ్గినట్టు). ఎం101 అనే సుడి గెలాక్సీ బయటి చేతులు 23 కన్నా పలచన. అంటే ఆకాశపు వెలుగులో నూరో వంతు కూడా ఉండవు.

ఇక చుక్కలా కనిపించేవాటికి ఈ బాధే లేదు. 1963లో ఖగోళ శాస్త్రవేత్త మార్టెన్ ష్మిట్ రెడ్‌షిఫ్ట్ (దూరమయ్యే కొద్దీ వెలుగు ఎరుపు వైపు జరగడం) తేల్చిన 3సి 273 క్వేజార్, అంటే చుక్కలా కనిపించే అతి ప్రకాశవంతమైన గెలాక్సీ కేంద్రం, 240 కోట్ల కాంతి సంవత్సరాల అవతల ఉంది. కన్యా రాశి ఎత్తుకు వచ్చాక తీస్తే ఒక్క నిమిషం ఎక్స్‌పోజర్‌లోనే మామూలు నక్షత్రంలా పడిపోతుంది. చూడ్డానికి ఏమీ ఉండదు, అయినా నా దగ్గరున్న వాటిలో అందరికీ ముందు చూపించేది ఆ ఫొటోనే. 2023 మేలో ఎం101లో ఎస్ఎన్ 2023ఐఎక్స్ఎఫ్ అనే సూపర్‌నోవా (నక్షత్రపు పేలుడు) కనిపించినప్పుడూ అంతే. చేతులు సరిగా తేలని ఫ్రేముల్లో కూడా సూపర్‌నోవా మాత్రం స్పష్టంగా కనబడింది.

ఫిల్టర్ల గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. నెబ్యులాలకు (వాయు మేఘాలకు) డ్యుయల్‌బ్యాండ్ ఫిల్టర్లు, అంటే రెండు సన్నటి రంగుల్ని మాత్రమే వదిలేవి, అద్భుతంగా పనిచేస్తాయి, ఎందుకంటే వాటి వెలుగు హైడ్రోజన్, ఆక్సిజన్ రేఖల్లోనే ఉంటుంది. గెలాక్సీ వెలుగు నక్షత్రాల వెలుగు, అన్ని రంగుల్లోనూ పరుచుకుని ఉంటుంది. ఆకాశాన్ని కోసేసే ఫిల్టర్ గెలాక్సీనీ కోసేస్తుంది. పాత సోడియం దీపాల వెలుగు 589 నానోమీటర్ల చుట్టూ ఉండేది, దాన్ని ఏరి తీసేయడం కుదిరేది. తెల్ల ఎల్ఈడీలు వచ్చాక ఆ దారీ మూసుకుపోయింది. నేను ఇప్పుడు కంటికి కనిపించని అతినీల, పరారుణ వెలుగును ఆపే యూవీ-ఐఆర్ కట్ ఫిల్టర్ ఒక్కటే పెడతాను. ఒక మినహాయింపు ఉంది: ఎం82 నడుమ నుంచి చిమ్ముకొచ్చే ఎర్రటి హైడ్రోజన్ ధారలు. వాటికి హెచ్-ఆల్ఫా (హైడ్రోజన్ ఎర్ర రేఖను వదిలే) ఫిల్టర్ విడిగా వాడి, తర్వాత కలుపుతాను. అదే పని కన్యా రాశి గుంపులో సెకనుకు 1,000 కి.మీ.కు పైగా దూరమవుతున్న గెలాక్సీలకు చేద్దామంటే, 656.3 నానోమీటర్ల దగ్గరుండాల్సిన రేఖ ఆ వేగం వల్ల 2 నానోమీటర్లకు పైగా జరిగిపోయి ఉంటుంది. 3 నానోమీటర్ల వెడల్పున్న ఫిల్టర్‌కు అది అందదు.

కాబట్టి మిగిలిన మందు గంటలే. ఆకాశం 3 మాగ్నిట్యూడ్లు చీకటిగా ఉన్న పల్లెలో గంటసేపు తీసిన ఫొటోకు ఇక్కడ 16 గంటలు కావాలి. దడిపించే అంకే, కానీ ఒకే రాత్రి తీయాలని లేదు కదా. ఒక్కో ఫ్రేము 60 సెకన్లు చాలు, ఆకాశపు రొద (నాయిస్) కెమెరా రొదను అప్పటికే ముంచేస్తుంది. అయిదు నిమిషాల ఫ్రేములు తీస్తే నక్షత్రాలు తెల్లగా మాడిపోవడం తప్ప లాభం లేదు. డిథరింగ్ (ఫ్రేముల మధ్య గురిని కాస్త జరపడం) మాత్రం మానొద్దు. గెలాక్సీ బాగా కిందికి దిగిందంటే నేను సర్దేస్తాను, ఆ తర్వాత వచ్చే ఫ్రేములు స్టాక్‌ను (ఫ్రేములన్నీ కలిపి చేసే ఫొటోను) చెడగొట్టడానికే.

ఫ్లాట్ ఫ్రేములు (మచ్చల్ని సరిచేయడానికి సమానమైన వెలుగు మీద తీసేవి) లేకపోతే అసలు ఈ పనికి దిగొద్దు. నూరో వంతు వెలుగును పైకి లాగేటప్పుడు సెన్సర్ మీది ధూళి మచ్చ, అంచుల చీకటి కూడా దాంతోపాటే లేస్తాయి. ఆ పైన పక్కింటి దీపం వల్ల ఒక మూల, రోడ్డు వల్ల మరో మూల ఏర్పడే గ్రేడియంట్, అంటే ఫ్రేములో ఎగుడుదిగుడుగా పరుచుకునే వెలుతురు, ఉంటుంది. నేను సిరిల్ అనే సాఫ్ట్‌వేర్‌లో స్టాక్ చేసి గ్రాక్స్‌పర్ట్ అనే మరో దానితో గ్రేడియంట్ తీస్తాను. రెండూ ఉచితమే, నాకు వీటితో కొరత అనిపించలేదు. గ్రేడియంట్ తీసేటప్పుడు గెలాక్సీ పలచని అంచుల్ని కూడా ఆకాశమనుకుని ఊడ్చేసే ప్రమాదం ఉంది, చెయ్యి తేలిగ్గా ఉండాలి.

టెలిస్కోప్ విషయానికొస్తే, గాజు మీద ఫిర్యాదు లేదు. నక్షత్రాల చుట్టూ ఊదా వలయాలు లేవు. ఫోకసర్ మాత్రం సాదాసీదా. రాత్రి చల్లబడే కొద్దీ ఫోకస్ జారుతుంది, మోటారు తగిలించాకే ప్రాణం హాయిగా ఉంది. అసలు పరిమితి ఫోకల్ లెంగ్త్. సప్తర్షుల్లోని మరీచి పక్కనున్న ఎం51 గెలాక్సీ ఫ్రేములో 400 పిక్సెళ్ల పొడవుంటుంది, అంతే. అయినా 1845లో ఐర్లండ్ ఖగోళ పరిశీలకుడు లార్డ్ రాస్ 72 అంగుళాల అద్దంతో చూసి గీసిన సుడి ఆకారం అందులో స్పష్టంగా తెలుస్తుంది. ఎం81, ఎం82 జంట, సింహ రాశిలోని మూడు గెలాక్సీల త్రయం ఈ ఫ్రేముకు కొలిచినట్టు సరిపోతాయి. ఆండ్రోమెడా పట్టదు.

ఆ త్రయంలో ఎన్‌జీసీ 3628 అనే గెలాక్సీకి 3 లక్షల కాంతి సంవత్సరాల పొడవున పలచని తోక ఉంది. గంటలు ఎన్ని పోగేసినా ఇక్కడి నుంచి నాకది రాలేదు. దానికి మాత్రం సామాను కట్టుకుని చీకటి ఉన్న చోటికి పోవలసిందే.