క్విల్ట్ డిజైన్ సాఫ్ట్‌వేర్ కొనేవాళ్ళు జాగ్రత్త: కొలతలు సరిచూడకుండా డబ్బు కట్టకండి

"లైఫ్‌టైమ్ లైసెన్స్" అంటూ ఆన్‌లైన్‌లో సగం ధరకు అమ్మిన క్విల్ట్ (గుడ్డ ముక్కలు కలిపి కుట్టే బొంత) డిజైన్ ప్రోగ్రాం కొని మోసపోయాం. స్క్రీన్ మీద బ్లాకులు (ముక్కలు కలిపి కుట్టే చతురస్రాలు), రంగులు చూడముచ్చటగానే ఉంటాయి. అసలు సంగతి గుడ్డ కత్తిరించాక తెలుస్తుంది.

అన్నిటికన్నా పెద్ద లోపం కటింగ్ కొలతల్లో ఉంది. ఉదాహరణకు బేర్స్ పా అనే డిజైన్ బ్లాకు 7×7 గడులది. దాన్ని 12 అంగుళాలకు పెడితే గడి 1.714 అంగుళాలు వస్తుంది, రెండు పక్కలా కుట్టుకు పావు అంగుళం వదిలితే 2.214. ప్రోగ్రాం మాటమాత్రం చెప్పకుండా దాన్ని 2¼ చేసేస్తుంది. ఒక్క ముక్కలో ఆ తేడా కంటికి ఆనదు. ఏడు ముక్కలు కలిశాక బ్లాకు 12¼ అవుతుంది, వరసకు ఎనిమిది బ్లాకులుంటే రెండు అంగుళాలు ఎక్కువొస్తుంది. అంచుపట్టీని మాత్రం 96 అంగుళాలకే లెక్కగడుతుంది. కుట్టాక మధ్యలో ఉబ్బక ఏమవుతుంది? ఇలాంటి బ్లాకుకు 10½ గానీ 14 గానీ పెట్టుకోండి, గడి సరిగ్గా 1½ లేదా 2 వస్తుంది.

త్రిభుజాలూ చూడండి. చతురస్రాన్ని మూలకు కోసి రెండు త్రిభుజాలు చేయాలంటే కుట్టాక ఉండాల్సిన కొలతకు ⅞ కలపాలి. 3 అంగుళాలకు 3⅞ చూపించాలి. 3½ చూపిస్తే ఆ సాఫ్ట్‌వేర్ జోలికి పోకండి. ట్రయల్‌లో ఈ ఒక్కటి చూసినా చాలు.

టెంప్లేట్లు 8.5 అంగుళాల వెడల్పున్న లెటర్ కాగితానికి గీసినవి. మన ఏ4 వెడల్పు 8.27. ప్రింటింగ్‌లో "ఫిట్ టు పేజ్" పెడితే 10 అంగుళాల గీత దాదాపు 9.7కి కుంచించుకుపోతుంది. 100 శాతం దగ్గర ఒక అంగుళం గడి ప్రింట్ తీసి స్కేలుతో కొలవండి. గుడ్డ లెక్క కూడా గజాల్లో, 42 అంగుళాల పన్నాకు వేసి ఇస్తుంది. 36 పన్నా కొంటే చాలదు.

ఇక లైసెన్స్. మాకు పంపిన లైసెన్స్ కీ (ప్రోగ్రాం తెరిచే కోడ్) అప్పటికే వేరే కంప్యూటర్లలో వాడేసినది. విండోస్ మళ్ళీ వేశాక ప్రోగ్రాం తెరుచుకోలేదు. కీ పంపాక డబ్బు వాపసు లేదన్నారు. పాత కంప్యూటర్‌లో లైసెన్స్ తీసేసి కొత్తదానికి మార్చుకోవచ్చా, అది ఎవరి పేరున నమోదవుతుంది అన్నవి ముందే రాతపూర్వకంగా అడగండి. ఇప్పటికే కొన్నవాళ్ళు ప్రకటన స్క్రీన్‌షాట్లు, రసీదు దాచుకుని, కార్డుతో కట్టి ఉంటే బ్యాంకులో వెంటనే డిస్ప్యూట్ (ఆ చెల్లింపుపై అభ్యంతరం) వేయండి. మన దేశంలో వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.