వంపు కుట్టు బ్లాకు: కొలతకే కత్తిరించాలా, పెద్దగా కుట్టి అంచులు తీసెయ్యాలా?

బొంత కోసం పావు వృత్తం ముక్కని, వంపు తీసిన ఎల్ ఆకారం ముక్కకి కలిపి కుట్టే చదరం (బ్లాకు) మొదలుపెట్టిన ప్రతివాళ్లూ అడిగేది ఇదే. విజయనగరంలో మా కుట్టు క్లాసుకి వచ్చేవాళ్లదీ, శ్రీకాకుళం నుంచి ఫోన్ చేసేవాళ్లదీ ఒకటే మాట: "అక్కా, ముందే సరిగ్గా కొలతకి కత్తిరించేస్తే పోదా?"

కొత్త పాప్లిన్, గట్టి అట్ట నమూనా, పావు ఇంచీ కుట్టు ఎక్కడా తప్పని చెయ్యి ఉంటే పోతుంది. కుట్టగానే ఇస్త్రీ చేసి పక్క బ్లాకుకి జోడించెయ్యొచ్చు, బోలెడు టైమ్ మిగులుతుంది. కానీ మన ఇళ్లల్లో బొంతకి తీసేవి పాత నేతచీరలు, జాకెట్ల కట్‌పీసులు, పొందూరు ఖద్దరు మిగుళ్లు. పొందూరు ఖద్దరంటే చేత్తో వడికిన నూలు, చేత్తో నేసిన గుడ్డ. నిలువు అంచు మీద కదలదు గానీ క్రాస్‌లో (ఏటవాలుగా) పట్టుకుంటే చాలు, సాగుతుంది. వంపు నడిమి భాగం పడేది క్రాస్‌లోనే. జాకెట్టుకి చెయ్యి ఎక్కించేటప్పుడు చంక దగ్గర ఎంత జాగ్రత్త పడతామో ఇక్కడా అంతే. ముందే గంజి పెట్టి ఆరేసినా ఎంతో కొంత సాగడం తప్పదు.

నా లెక్కలో అసలు చూడాల్సింది బ్లాకు సైజు కాదు, వంపు వచ్చి అంచుని ఎక్కడ తాకిందన్నది. 6 ఇంచీల బ్లాకులో 4 ఇంచీల వంపు అనుకుందాం. పక్కలకి పావు ఇంచీ చొప్పున కుట్టు కలిపి, జోడించక ముందు బ్లాకు 6½ ఉండాలి. పావు వృత్తం మూల నుంచి కొలిస్తే రెండు పక్కలా వంపు 4¼ దగ్గరే అంచుని తాకాలి. ఒక పక్క 4¼, రెండో పక్క 4 వచ్చిందంటే బ్లాకు కొలత సరిగ్గా 6½ ఉన్నా పక్కదానితో వంపు కలవదు. గుండ్రం మధ్యలో మెట్టు పడుతుంది. కొలతకే కత్తిరించిన బ్లాకులో దాన్ని సరిచెయ్యడానికి గుడ్డే ఉండదు. అందుకే నేను పెద్దగా కుట్టడం వైపే ఉంటాను.

ఎల్ ముక్కని 7 ఇంచీల చదరం లోంచి తీయండి. పావు వృత్తానికి కూడా తిన్నని రెండు పక్కలా, కుట్టు కొలత కాక మరో పావు ఇంచీ కలపాలి. చాలామంది ఇది వదిలేస్తారు, తర్వాత ఆ వైపు తీయడానికేమీ ఉండదు. కుట్టేటప్పుడు ఎల్ ముక్క పైన, నడిమిన ఒక గుండుసూది, రెండు చివర్లా ఒక్కోటి. ఇస్త్రీపెట్టెని రుద్దకండి, ఆనించి ఎత్తండి. చల్లారాక చదరపు స్కేలు పెట్టి, దాని ఏటవాలు గీత వంపు నడిమి మీదుగా పోయేలా, రెండు అంచుల్లోనూ వంపు 4¼ గీత మీదే ఉండేలా జరపండి. పావు వృత్తం వైపు రెండు పక్కలు ముందు తీసెయ్యండి. అప్పుడు బ్లాకు తిప్పి, తీసిన అంచుల్ని 6½ గీతలకి ఆనించి మిగతా రెండూ తీయండి.

గుడ్డ దండగ కదా అంటారు. 44 ఇంచీల పన్నాలో 6½ ముక్కలు ఆరే వస్తాయి, 7 ముక్కలూ ఆరే. 36 పన్నాలో ఎలా చూసినా ఐదే. పొడవులో వరసకి అర ఇంచీ ఎక్కువ పడుతుంది, అంతే.

పావు వృత్తాన్ని చదరం గుడ్డ పైన పెట్టి చేత్తో అతికి కుట్టడం మూడో దారి. నాలుగైదు బ్లాకులకైతే బాగుంటుంది, మంచం బొంతకి మాత్రం ఓపిక చాలదు.

ఇంత చేసినా ఒకటి రెండు బ్లాకులు 6½కి చాలకపోతే గుడ్డ లాగి సరిపెట్టకండి. 4¼ని ముట్టుకోకుండా, ఎల్ వైపు రెండు పక్కల్లోంచి పావు ఇంచీ చొప్పున తీసి అన్ని బ్లాకుల్నీ 6¼కి దించెయ్యండి.