తిరునిన్రవూరులో మనసు గుడి, కంచిలో రాతి గుడి

నాన్నగారి గుండె ఆపరేషన్ ఇంకో నాలుగు రోజులుంది. చెన్నై ఆస్పత్రి వరండాలో టెన్షన్‌తో కూర్చున్న నన్ను అన్నయ్యే లేపి, "రెండ్రోజులు ఎటైనా తిరిగి రా, నేనుంటాను" అన్నాడు. సెంట్రల్ పక్క సబర్బన్ స్టేషన్‌లో తిరునిన్రవూరు లోకల్ ఎక్కాను. ఆఫీసు వేళ దాటాక ఎక్కితే సీటు ఖాయం.

తమిళ శివభక్తులైన 63 మంది నాయనార్లలో ఒకరైన పూసలార్ ఊరు ఇది. శివుడికి గుడి కట్టాలని ఎంత తిరిగినా ఆయనకు పైసా పుట్టలేదు. చివరికి మనసులోనే పునాది తవ్వి, రాయి మీద రాయి పేర్చి, కుంభాభిషేకానికి ముహూర్తం పెట్టుకున్నాడు. కంచిలో పల్లవరాజు కట్టించిన గుడికీ అదే ముహూర్తం. శివుడు రాజు కలలోకి వచ్చి, "ఆ రోజు నేను పూసలార్ గుడికి వెళ్ళాలి, నీది వాయిదా వేసుకో" అన్నాడట!

ఈ ఊళ్ళో ఆ శివుడి గుడి, హృదయాలీశ్వరుడి ఆలయం, చిన్నదే. గర్భగుడిలో లింగంతో పాటు పూసలార్ విగ్రహమూ ఉంది. గుండెజబ్బు వాళ్ళు ఇక్కడికి మొక్కుకోవడానికి వస్తారు. నాకైతే ఒక్క శ్లోకమూ గుర్తు రాలేదు. సరే, ఆయన పనే నేనూ మొదలుపెడదామని కళ్ళు మూసుకున్నాను. ముందు మెట్లు కట్టాను. మూడో మెట్టు మీద నాన్నగారి చెప్పులు కనిపించాయి. ఎడమ చెప్పు పట్టీ తెగితే తీగతో బిగించుకున్నారు, అలాగే ఉంది. అక్కడే ఆగిపోయి చాలాసేపు ఏడ్చాను. తర్వాత గుమ్మం ఎత్తుతుంటే, తలుపులు వేసే వేళయిందని అర్చకులు పిలిచారు. మధ్యాహ్నం మూసేస్తారు, పొద్దున్నే వెళ్ళండి.

అక్కడి నుంచి కంచి. రాత్రి దిగిన లాడ్జి గురించి చెప్పేదేమీ లేదు, దుప్పటి మార్చమని మూడుసార్లు అడిగాను. చెన్నై నుంచి ఒక్కరోజులో వెళ్ళి రావచ్చు, బస అక్కర్లేదు.

కైలాసనాథ ఆలయం మాత్రం తప్పక చూడాలి. 8వ శతాబ్దం తొలినాళ్ళలో పల్లవరాజు రాజసింహుడు కట్టించిన ఇసుకరాతి గుడి, ప్రాకారం పొడవునా 58 చిన్న గుళ్ళు. గర్భగుడి చుట్టూ ప్రదక్షిణకు ఇరుకు కన్నంలోంచి పాకాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు మానేయడమే మంచిది. శిల్పం చూసి నోరెళ్ళబెట్టాను గానీ, కుదురుగా కూర్చోబుద్ధి కాలేదు. ఒక్కచోటికే వీలైతే నా ఓటు తిరునిన్రవూరుకే.

ఆపరేషన్ రోజు థియేటర్ బయట కుర్చీలో కూర్చుని మళ్ళీ పని మొదలుపెట్టాను. డాక్టరు తలుపు తీసేసరికి ప్రాకారం మూడు వైపులా లేచింది.