పదేళ్లకు పైగా ఎసిట్రోమ్ వాడాక నేను చెప్పగలిగింది

ఎసిట్రోమ్ గుండె దడకు మందు కాదు. ఈ మాత్ర కొత్తగా మొదలుపెట్టిన వాళ్లు ఎవరు అడిగినా ముందు ఈ మాటే చెబుతాను. దడ తగ్గగానే "ఇంక ఇదెందుకులే" అని ఆపేసే వాళ్లను మా బుచ్చిరెడ్డిపాళెంలోనే చూశాను. దడ తగ్గించేవి మెటోప్రొలాల్, డిజాక్సిన్ లాంటివి. ఎసిట్రోమ్ పని వేరు, రక్తం గడ్డకట్టకుండా చూడటం. వేసుకుంటే వేసుకున్నట్టు తెలియదు, మానేస్తే మానేసినట్టూ తెలియదు. తెలిసే రోజుకు మూతి వంకర పోయి, చెయ్యి పడిపోయి ఉంటుంది.

నాది చిన్నప్పటి జబ్బు. గొంతునొప్పి, జ్వరం, ఆ తర్వాత కీళ్ల వాపులు. ఒక మోకాలు తగ్గితే ఇంకోటి వాచేది. ఎదిగే పిల్లకు మామూలే అనుకున్నారు ఇంట్లో. అది రుమాటిక్ జ్వరమనీ, గుండెలో మైట్రల్ వాల్వును ముడిచేసిందనీ తెలిసేసరికి నాకు పెళ్లయి ఇద్దరు పిల్లలు. బెలూన్ పెట్టి వాల్వును వెడల్పు చేశారు. మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ నలభై ఏళ్లు వచ్చేదాకా నడిచింది. ఇక గండం గడిచిందనుకున్నాక గుండె లయ తప్పడం మొదలైంది. మేడ మెట్లెక్కితే గుండె గొంతులోకి వచ్చినట్టుండేది. మణికట్టు దగ్గర నాడి పట్టుకుంటే రెండు గబగబా కొట్టి, ఒకటి ఆగి, మళ్లీ మూడు వరసగా కొట్టేవి. ఒకదానికీ ఇంకోదానికీ పొంతన లేదు. నెల్లూరు పొగతోటలో ఈసీజీ తీసి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అన్నారు. గుండె పై గదులు సరిగ్గా ముడుచుకోకుండా వణుకుతుంటాయి. ఎడమ పై గదిని ఆనుకుని చిన్న సంచి లాంటిది ఉంటుంది, రక్తం అందులో నిలవుండి గడ్డ కడుతుంది. ఆ గడ్డ కదిలి మెదడుకు పోతే పక్షవాతం. వాల్వు జబ్బు లేని వాళ్లకే ఈ లయ తప్పడం వల్ల పక్షవాతం ప్రమాదం దాదాపు 5 రెట్లవుతుంది. వాల్వు ముడుచుకున్న నాలాంటి వాళ్లకు అంతకన్నా చాలా ఎక్కువ.

అందుకే ఎసిట్రోమ్. వార్ఫరిన్ కుటుంబంలోదే ఇది. వార్ఫరిన్ 1948లో ఎలకల మందుగా వచ్చిందని మా ఆయన ఎక్కడో చదివి, మాత్రల డబ్బా చేతిలో పట్టుకుని "ఇదా నువ్వు మింగేది" అని నిలబడిపోయారు. నిజమే, ముందు ఎలకలకు, 1954లో మనుషులకు. రక్తం గడ్డకట్టడానికి కావలసిన కొన్ని పదార్థాలను లివర్ విటమిన్ కె సాయంతో తయారుచేస్తుంది. ఈ మందు ఆ పని తగ్గిస్తుంది. తగ్గించాల్సినంత తగ్గిస్తే ప్రాణం నిలబెడుతుంది, ఎక్కువైతే రక్తం ఆగదు. ఆ హద్దు ఎక్కడుందో చూపించేదే ఐఎన్‌ఆర్ పరీక్ష. మామూలు మనిషికి 1 దగ్గర ఉంటుంది, నా జబ్బుకు 2కూ 3కూ మధ్య ఉండాలి.

ఈ మాత్రను మెచ్చుకోవాలన్నా తిట్టుకోవాలన్నా ఐఎన్‌ఆర్ దగ్గరే. మొదట్లో వారానికోసారి, కుదురుకున్నాక నెలకోసారి సూది గుచ్చి రక్తం తీస్తారు. నెలంతా వేసుకునే మాత్రల కంటే పరీక్షకే నాకు ఎక్కువ ఖర్చవుతుంది. బుచ్చి నుంచి బస్సెక్కి, కోవూరు మీదుగా పెన్నా దాటి, పొగతోటలో దిగితే సగం పూట పోతుంది. ఒకసారి వేరే ల్యాబులో చేయించి చూశాను. రెండు మూడు రోజుల తేడాలోనే అంకె బాగా మారింది, మోతాదు మారలేదు, తిండి మారలేదు. అప్పటినుంచి ఒకే ల్యాబు. రిపోర్టు కాగితాలు పోతాయని ఒక నోటుపుస్తకంలో తేదీ, ఐఎన్‌ఆర్, ఆ వారం మోతాదు రాస్తున్నాను. డాక్టరుగారు ముందు ఆ పుస్తకమే అడుగుతారు. నా మోతాదు రోజూ ఒకటి కాదు, కొన్ని రోజులు 2 మి.గ్రా., కొన్ని రోజులు 3. గోడ క్యాలెండర్లో ప్రతి తేదీ మీద ఆ రోజు అంకె పెన్నుతో రాసి, రాత్రి మింగాక కొట్టేస్తాను. ఎసిట్రోమ్ శరీరంలోంచి వార్ఫరిన్ కంటే త్వరగా పోతుంది. ఒక పూట తప్పినా లెక్క మారుతుంది. తప్పిందని మర్నాడు రెండు వేసుకోకూడదు. ఇది మా అత్తమ్మకు చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది, "నిన్నది కూడా ఇవాళే వేసుకో" అంటుంది పాపం, నా మంచికే.

మందుల షాపులో ఇంకో సంగతి. ఎసిట్రోమ్ 1, 2, 3, 4 మి.గ్రా. రకాలున్నాయి. నాకు ఒకసారి 2 బదులు 4 ఇచ్చారు. ఇంటికొచ్చి క్యాలెండర్ ముందు నిలబడి స్ట్రిప్పు చదివితే బయటపడింది. స్ట్రిప్పు వెనక మి.గ్రా. చదవకుండా డబ్బులివ్వకండి.

ఆకుకూరల సంగతి అందరూ అడుగుతారు. "ఎసిట్రోమ్ వాడితే గోంగూర మానేయాలా?" మానక్కర్లేదు. ఆకుకూరల్లో విటమిన్ కె ఉంటుంది, మాత్ర దానికి ఎదురు పనిచేస్తుంది. వారంలో ఎంత తింటారో దాదాపు అంతే తింటూ పోతే మోతాదు దానికి తగ్గట్టు సర్దుతారు. గొడవంతా హఠాత్తుగా పెంచినా, హఠాత్తుగా మానేసినా. మా ఇంట్లో ఆషాఢం వస్తే మునగాకు వరసగా పొయ్యి మీద ఉంటుంది, కూర, పప్పు, పొడి. ఒక ఆషాఢం తర్వాత ఐఎన్‌ఆర్ 1.6కు దిగింది. ఇప్పుడు ఆషాఢంలో కూడా నాకు మిగతా నెలల లెక్కే. చేపల పులుసుకు మాత్రం ఏ అడ్డూ లేదు, ఆ ఒక్కటి దేవుడు నాకు వదిలేశాడు. చేపలు కోసేటప్పుడు కత్తితో చెయ్యి తెగితే రక్తం ఆగడానికి టైము పడుతుంది. శుభ్రమైన గుడ్డతో గట్టిగా పది నిమిషాలు అదిమి పట్టుకోవాలి, మధ్యలో తీసి చూడకూడదు.

నన్ను బాగా భయపెట్టింది తిండి కాదు, వేరే మందులు. ఒక ఎండాకాలం, రోహిణి కార్తెలో, విరేచనాలు పట్టుకుంటే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లాం. ఎసిట్రోమ్ వాడుతున్నానని మా ఆయన చెప్పారు కూడా. "ఏం కాదమ్మా" అని మెట్రోనిడాజోల్ రాసిచ్చాడు, నడుముకు ఇంజెక్షన్ వేశాడు. మూడో రోజు పళ్లు తోముకుంటుంటే నురగంతా ఎర్రగా వచ్చింది. ఇంజెక్షన్ వేసిన చోట అరచెయ్యంత నల్లగా కమిలి గట్టిపడింది. ఐఎన్‌ఆర్ 6 దాటింది. పొగతోట డాక్టరుగారు మాత్ర ఆపించి, మళ్లీ పరీక్ష చేసి, తగ్గాక తక్కువ మోతాదుతో మొదలుపెట్టారు. మెట్రోనిడాజోల్ ఎసిట్రోమ్‌ను ఒంట్లో నిలవ ఉంచుతుందట. పైగా విరేచనాలతో తిండి లేదు, తిండి లేకపోతే విటమిన్ కె కూడా లేదు. రెండూ కలిశాయి. కోట్రైమోక్సజోల్, ఫ్లుకోనజోల్ కూడా ఇలాంటివే. మోకాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ షాపులో అడిగి తెచ్చుకునే అలవాటు మన వైపు ఎక్కువ. మాలాంటి వాళ్లకు కడుపులో రక్తస్రావం తెచ్చిపెట్టేవి అవే. మలం తారులా నల్లగా వచ్చినా, మూత్రం ఎర్రబడినా, తలకు దెబ్బ తగిలినా "చూద్దాంలే" అనకుండా వెంటనే ఆసుపత్రికి పోవాలి. తలకు దెబ్బయితే పైకి ఏమీ కనబడకపోయినా స్కాన్ అడగాలి. మాట తడబడితే, ఒక పక్క బలం తగ్గితే 108.

ఇంట్లో బీపీ మిషన్ గురించి రెండు మాటలు. లయ తప్పిన గుండెకు అది ఒక్కోసారి ఒక్కో అంకె చూపిస్తుంది, మిషన్ పాడైందని మార్చక్కర్లేదు. కాసేపు కూర్చుని, మూడుసార్లు చూసి సగటు తీసుకుంటాను. నాడి కూడా పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే తప్పొస్తుంది, నిమిషం పూర్తిగా లెక్కపెట్టాలి.

మా బావగారికీ ఇదే లయ తప్పడం. ఆయనకు వాల్వు జబ్బు లేదు, అపిక్సబాన్ ఇచ్చారు. రోజుకు రెండు పూటలా మాత్ర, ఐఎన్‌ఆర్ లేదు, ఆకుకూరల లెక్క లేదు. ఆయన్ను చూసి నాకూ అదే రాయమని అడిగాను. వాల్వు బాగా ముడుచుకున్న వాళ్లకు కొత్త మాత్రలు పనికిరావన్నారు డాక్టరుగారు. 2022లో వచ్చిన ఇన్విక్టస్ అనే పెద్ద పరిశోధన గురించి చెప్పారు. రుమాటిక్ గుండె జబ్బుతో లయ తప్పిన వాళ్లలో కొత్త మందు రివరోక్సబాన్‌నూ, ఎసిట్రోమ్ జాతి పాత మందులనూ పోల్చి చూశారు. పాత మందు మీద ఉన్న వాళ్లలోనే మరణాలు తక్కువ. ఆ తర్వాత నేను మళ్లీ అడగలేదు. వాల్వు జబ్బు లేని వాళ్లు మాత్రం పొగతోట బస్సులు ఎక్కి దిగే ముందు, కొత్త మాత్ర కుదురుతుందేమో డాక్టర్ని తప్పకుండా అడగండి.

పెళ్లి కావలసిన, పిల్లల్ని కనవలసిన ఆడపిల్లలు ఈ మాత్ర వాడుతుంటే గర్భం రాకముందే డాక్టరుతో మాట్లాడాలి. తొలి నెలల్లో ఇది కడుపులో బిడ్డకు హాని చేస్తుంది. అలాగని భయపడి సొంతంగా ఆపేస్తే తల్లికి ప్రమాదం. వేరే ఇంజెక్షన్‌కు మార్చే దారి ఉంది, ఆ నిర్ణయం డాక్టరుది.

మొన్నటి ఐఎన్‌ఆర్ 2.4. ఎకోలో, అంటే గుండె స్కానులో, వాల్వు మళ్లీ కొద్దిగా బిగుసుకుంటోందన్నారు, ఎప్పుడో ఒకప్పుడు ఆపరేషన్ తప్పకపోవచ్చు. లోహపు వాల్వు పెడితే ఐఎన్‌ఆర్ 2.5కూ 3.5కూ మధ్య ఉంచాలట, మాత్ర మాత్రం ఇదే ఉంటుందట.