స్వరకల్పన: రాసిచ్చి నేర్పాలా, పాడించి నేర్పాలా?

కర్ణాటక సంగీతంలో వర్ణాలు (సాధనకు నేర్చుకునే రచనలు) గట్టిపడి, కొన్ని కృతులు వచ్చాక స్వరకల్పన మొదలవుతుంది. అంటే రాగానికి తగ్గ స్వరాలను సొంతంగా అల్లి పాడి, మళ్లీ పల్లవి అందుకోవడం. ఇక్కడ కొందరు గురువులు స్వరాలు పుస్తకంలో రాసిచ్చి వల్లె వేయిస్తారు. కొందరు ఎదురుగా కూర్చోబెట్టుకుని తామొక ముక్క పాడి, దానికి జవాబు పాడమంటారు.

రాసిచ్చే పద్ధతి బలమంతా లెక్కలో ఉంది. ఆదితాళం ఆవర్తనంలో, అంటే ఒక చుట్టులో, 8 అక్షరాలు, అక్షరానికి 4 చొప్పున 32 మాత్రలు. 8 స్వరాల ముక్కను మూడుసార్లు పాడి, నడుమ నాలుగేసి మాత్రలు ఆగితే 8+4+8+4+8, సరిగ్గా 32. సమంలో, అంటే ఆవర్తనం మొదటి దెబ్బలో, మొదలెడితే సమంలోనే దిగుతుంది. కొత్తవాళ్లకు ఇలాంటి ముక్తాయింపులు (ముగింపు అల్లికలు) అప్పటికప్పుడు తట్టవు, కూర్చుని కట్టుకోవాల్సిందే.

అయితే సమం దాటిన అర అక్షరానికి పల్లవి ఎత్తుకునే కృతి వస్తే ఈ లెక్కకు 2 మాత్రలు తక్కువ పడతాయి. 10+2+10+2+10 అని 34కు మార్చాలి, లేదా 2 మాత్రలు ఆగి మొదలెట్టాలి. ఆ 8 ఎలా వచ్చిందో తెలియకుండా వల్లె వేసిన పిల్లలు సరిగ్గా అక్కడే ఆగిపోతారు. ఇంకా పెద్ద నష్టం గమకానిది, అంటే స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికించే తీరుది. మోహన రాగంలో కొంత నెట్టుకురావచ్చు. శహాన, భైరవి స్వరాలు కాగితం చూసి నేర్చుకుంటే అక్షరాలు పలుకుతాయి గానీ రాగం పలకదు.

పాడించడమంటే 'తోచింది పాడు' అని వదిలేయడం కాదు. హద్దు చాలా ఇరుకుగా ఉండాలి. మోహనంలో పల్లవి గాంధారం మీద ఎత్తుకుంటుందనుకోండి. మొదట్లో సమానికి ముందు ఒక్క అక్షరమే, నాలుగే స్వరాలు. గురువు 'దపగరి' అని పల్లవి అందుకుంటే, శిష్యులు 'గపగరి' అనో 'సరిసరి' అనో పాడి అందుకోవాలి. చివర రిషభం పడితే గాంధారంలోకి వెళ్లడం సులువు. ఇది తడబడకుండా వచ్చాకే అర ఆవర్తనం, ఆ తర్వాత పూర్తి ఆవర్తనం. ఎప్పుడూ చేత్తో తాళం వేస్తూనే పాడాలి.

ఇందులోనూ తప్పులు వస్తాయి. మోహనంలో పై స్వరాల నుంచి కిందికి దిగేటప్పుడు అందులో లేని నిషాదం తగిలిందంటే బిలహరి వచ్చేస్తుంది, ఎందుకంటే రెండు రాగాలకూ ఆరోహణ ఒకటే. అప్పుడు మందలించే బదులు రెండు అవరోహణలూ వెంటవెంటనే పాడి వినిపిస్తే తేడా చెవికి పట్టుబడుతుంది. ఊహ వెంట పరిగెత్తి తాళం జారవిడిస్తే మళ్లీ నాలుగు స్వరాలకు రావాలి. ఒకే ముక్క పదేపదే వస్తుంటే 'ఈసారి ధైవతంతో మొదలుపెట్టు' అంటే చాలు.

పోటీ నెల రోజుల్లో ఉంటే రాసిచ్చేదే గతి. వ్యవధి ఉంటే మాత్రం మొదటి ఆరు నెలలూ పాడించడమే మేలని మా గట్టి నమ్మకం. ఆ తర్వాత పుస్తకం తెరవచ్చు, కానీ రాయాల్సింది శిష్యులు. గురువు 10+1+10+1+10 అని లెక్క మాత్రం చెప్పి, ఆ పది స్వరాలూ వాళ్లనే పూరించుకు రమ్మనాలి.