బుడుగా, బేతాళుడా, రైలుబడా? ఎనిమిదేళ్ల పిల్లలకు ఏది కొనాలి?

డిసెంబరులో హైదరాబాదు బుక్ ఫెయిర్ పెట్టారంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. అందరూ అడిగేది ఒకటే. "మా వాడు మూడో తరగతి. తెలుగు గలగలా మాట్లాడతాడు, చదవమంటే మాత్రం కూడబలుక్కుంటాడు. ఏ పుస్తకం కొనను?" డాలస్‌లో ఉన్న మా మేనత్త కూతురు అడిగేదీ ఇదే. ఈసారి మా అక్క కొడుక్కి ఎనిమిదేళ్లు నిండాయి కాబట్టి ఆ ప్రశ్న నా నెత్తికే వచ్చింది. చివరికి మూడు పట్టుకెళ్లాను: బేతాళ కథల కోసం పాత చందమామల బైండు ఒకటి, బుడుగు, రైలుబడి.

ఏది మేలో చెప్పేముందు నేను దేన్ని చూసి తేల్చుకున్నానో చెప్పాలి. ఇంగ్లీషు మీడియం పిల్లల చెవి ఎనిమిదేళ్లదే, కన్ను మాత్రం అయిదేళ్లది. చెబితే ఎంత పెద్ద కథైనా అర్థమవుతుంది. అదే కథ చేతికిస్తే గుడులూ ఒత్తులూ విడదీసుకుంటూ 'రాష్ట్రం' అన్న మాట దాటేసరికి వాక్యం ఎక్కడ మొదలైందో మర్చిపోతారు. కంటికి తగ్గ పుస్తకం ఇస్తే "ఇది చిన్నపిల్లలది" అని పక్కన పడేస్తారు. చెవికి తగ్గది ఇస్తే మొదటి పేజీ దాటలేరు. అందుకే రెండే చూశాను. రాత్రి పడుకునే ముందు పావుగంటలో పైకి చదివితే ఒక ముక్క పూర్తవుతుందా? మర్నాడు వాడంతట వాడు ఆ పుస్తకం దగ్గరికి వెళ్తాడా?

బుడుగు అంటే నాకు ప్రాణం. ముళ్ళపూడి వెంకటరమణ రాత, బాపు బొమ్మ విడదీసి చూడలేం. బామ్మ, రెండు జెళ్ళ సీత, ప్రైవేటు మాష్టారు ఎవరి గొంతు వారిదే. పైకి చదివితే మావాడు పడీ పడీ నవ్వాడు. అయితే ఎక్కువగా నవ్వింది నా గొంతు మారినప్పుడు. మాటలోని అసలు చమత్కారం దగ్గర నవ్వింది మా అక్కా బావా. పిల్లాడు నోటితో పలికినట్టే రాసిన మాటల్ని, అక్షరాలు ఇప్పుడిప్పుడే కుదురుతున్న పిల్లలు చదవడం కష్టం. అక్కడ తప్పేదో ఒప్పేదో వాళ్లకు తెలియదు కదా. పుస్తకం గొప్పదే. కానీ అది బాల్యం దాటొచ్చినవాళ్లకు ఇంకా ఎక్కువ అందుతుంది. మీరు చదివి వినిపించేటట్టయితే తప్పకుండా కొనండి, చేతికిచ్చి చదువుకోమనడానికైతే ఇంకో నాలుగేళ్లు ఆగండి.

బేతాళ కథల బలం వేరు. చందమామ 1947లో మొదలైంది. బేతాళుడి అసలు కథలు పాతికే అయినా, అవి అయిపోయాక కూడా అదే చట్రంలో కొత్తవి రాయిస్తూ దశాబ్దాల పాటు నడిపారు. శంకర్ గీసిన ఆ బొమ్మ, భుజాన శవంతో కత్తి పట్టుకుని నడిచే విక్రమార్కుడు, ఈనాటి పిల్లల్ని కూడా పేజీ తిప్పనివ్వదు. కథ కొలత కూడా సరిగ్గా పావుగంట. చివర బేతాళుడు ప్రశ్న వేయగానే నేను పుస్తకం మూసేసేదాన్ని. "ఆగు పిన్నీ, నేను చెప్తా" అని లేచి కూర్చునేవాడు. రాజు చెప్పిన జవాబుతో ఒప్పుకోని రోజులూ ఉన్నాయి, అవి ఇంకా బాగుండేవి. చిక్కల్లా మర్నాటి సంగతి. ప్రశ్నకు జవాబు తెలిసిపోయాక వాడు ఆ కథ మొహం మళ్లీ చూడలేదు. వరహాలు, దివాను, భిక్షువు లాంటి మాటలు నేను పక్కనుంటే కథలో కలిసిపోయాయి గానీ, ఒంటరిగా చదవబోతే అడుగడుగునా అడ్డుపడ్డాయి.

వాడంతట వాడు వెతుక్కుని తెచ్చుకున్నది రైలుబడి. టోక్యోలో తొమోయె అనే బడిలో తను చదువుకున్న రోజుల గురించి తెత్సుకో కురొయనాగి 1981లో రాసిన తొత్తోచాన్‌కు తెలుగు ఇది. మొదటి బడిలో అల్లరి పడలేక పంపించేసిన తొత్తోచాన్ అనే పాపను, పాత రైలు పెట్టెలే తరగతి గదులైన ఇంకో బడిలో చేర్పిస్తారు. అక్కడి హెడ్మాస్టరు కొబయాషి మొదటి రోజు ఆ పిల్ల మాటలు నాలుగు గంటల పాటు వింటారు, మధ్యలో ఒక్కసారి కూడా ఆవులించకుండా. ఇది చదివాక మావాడు అడిగిన మొదటి మాట, "మా ప్రిన్సిపాల్ వింటారా?" నా దగ్గర జవాబు లేదు.

ఇందులో ఒక్కో అధ్యాయం రెండు మూడు పేజీలే. దేనికదే ఒక సంఘటన. పర్సు మరుగుదొడ్డి గుంటలో పడిపోతే తొత్తోచాన్ గరిటె పట్టుకుని అంతా తోడి పోస్తుంటుంది. అటుగా వెళ్తున్న హెడ్మాస్టరు తిట్టడు, అయిపోయాక అంతా మళ్లీ లోపల వేసేస్తావు కదా అని మాత్రం అడుగుతాడు. ఈ అధ్యాయం మావాడు మర్నాడు పొద్దున వేలు పెట్టుకుని తనే చదివాడు. కథ ముందే తెలుసు కాబట్టి ఒత్తుల దగ్గర ఆగినా దారి తప్పలేదు. చెవి ముందు నడిచి కంటికి దారి చూపించడం అంటే ఇదే. రాజులూ మాంత్రికులూ లేరు. బడి, అన్నం డబ్బా, చెట్టెక్కడం, అన్నీ వాడికి తెలిసినవే. పోలియో వచ్చిన యసుఆకి-చాన్‌ను తొత్తోచాన్ తన చెట్టు మీదికి ఎక్కించే చోట నా గొంతు పట్టేసింది. ఒక్క జాగ్రత్త. తర్వాత ఆ పిల్లవాడు చనిపోతాడు, 1945లో బాంబు దాడిలో బడి కాలిపోతుంది. ఆ అధ్యాయాలు మీరు పక్కన కూర్చుని చదవండి.

మిగిలినవి క్లుప్తంగా. అయిదారేళ్ల పిల్లలకైతే ప్రథమ్ బుక్స్ చిన్న పుస్తకాలు మంచివి. స్థాయి అంకె అట్ట మీదే ఉంటుంది. వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగువి ఉచితంగా దొరుకుతాయి కాబట్టి విదేశాల్లో ఉన్నవాళ్లకు అదే సులువు. అమర్ చిత్ర కథల్లో పిల్లలు బొమ్మలు చూసి ముందుకు పోతారు, చదివేది తక్కువ. సైన్సు మీద ఇష్టం ఉంటే జన విజ్ఞాన వేదిక వారి చెకుముకి పత్రిక తెప్పించండి. శతకాలు పుస్తకం చూసి నేర్చుకునేవి కావు, నోటితో నేర్పండి.

పదేళ్లు దాటి చదవడం కాస్త పట్టుబడినవాళ్లకు మాత్రం నా సలహా మారుతుంది. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన సీరియళ్లు పుస్తకాలుగా వచ్చాయి. తోకచుక్కతో మొదలుపెట్టండి. మా పక్కింటి ఆరో తరగతి పిల్ల అన్నం తింటూ కూడా దాన్ని వదల్లేదు.