పాత ఎక్స్‌ఛేంజ్ నుంచి సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్‌కు: ఎవరికి గిట్టుబాటు, ఎవరికి కాదు

2025 అక్టోబర్ 14న కంపెనీ మెయిల్ నడిపే సర్వర్ సాఫ్ట్‌వేర్ ఎక్స్‌ఛేంజ్ 2016, 2019 వెర్షన్లు రెండింటికీ మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. మెయిల్‌ను సొంత సర్వర్‌లోనే ఉంచి, ఎక్స్‌ఛేంజ్‌తోనే కొనసాగాలనుకునే కంపెనీకి మిగిలిన దారి 2025 జులై 1న విడుదలైన ఎక్స్‌ఛేంజ్ సర్వర్ సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్. దీన్ని కొత్త సరుకుగా చూసి బేరీజు వేస్తే అంచనా తప్పుతుంది. మొదటి విడుదల కోడ్ 2019 సీయూ15 (సీయూ అంటే క్యుములేటివ్ అప్‌డేట్, అంతకు ముందువన్నీ కలిపి వచ్చే పెద్ద అప్‌డేట్) కోడే. మారినవి పేరు, బిల్డ్ నంబర్, లైసెన్స్ ఒప్పందం. ఇందులో కొత్తగా ఏముందని వెతకడం వల్ల ఒరిగేది లేదు. తేల్చుకోవాల్సినవి రెండే: మీరిప్పుడు ఏ వెర్షన్‌లో ఉన్నారు, మెయిల్ మీ సర్వర్ గదిలోనే ఉండాల్సిన అవసరం ఏమిటి.

2019 సీయూ14 లేదా సీయూ15లో ఉన్నవాళ్లకు పని తేలిక. ఉన్న సర్వర్ మీదే, మామూలు సీయూ వేసినట్టే వేసుకోవచ్చు. సీయూ15 నుంచి వెళితే యాక్టివ్ డైరెక్టరీ (కంపెనీ ఖాతాలు, కంప్యూటర్ల వివరాలుండే విండోస్ డైరెక్టరీ) స్కీమాలో, అంటే దాని నిర్మాణంలో, కొత్త మార్పులుండవు, మొదటి విడుదలకు కొత్త ప్రొడక్ట్ కీ కూడా అక్కర్లేదు. ఒక్కో సర్వర్‌కు ఒక సాయంత్రం కేటాయిస్తే చాలు. అయితే సీయూ వేసేటప్పుడు వచ్చే పాత ఇబ్బందులన్నీ ఇక్కడా వస్తాయి. రీబూట్ పెండింగ్‌లో ఉంటే సెటప్ మొదట్లోనే ఆగుతుంది. అడ్మినిస్ట్రేటర్‌గా తెరవని విండో నుంచి నడిపినా, యాంటీవైరస్ అడ్డుపడినా మధ్యలో విఫలమయ్యే ప్రమాదముంది. అప్పుడు ఎక్స్‌ఛేంజ్ సర్వీసులు డిసేబుల్ అయిన స్థితిలోనే మిగిలిపోతాయి. కారణం సరిచేసి సెటప్‌ను మళ్లీ నడపాలి. వర్చువల్ మెషీన్ స్నాప్‌షాట్‌కు వెనక్కి వెళ్లి గట్టెక్కుదామనుకోవద్దు. సర్వర్ వెనక్కి వెళుతుంది కానీ యాక్టివ్ డైరెక్టరీలో రాసినవి వెళ్లవు, రెండింటికీ పొంతన కుదరదు. వెబ్.కాన్ఫిగ్ ఫైళ్లలో చేతితో చేసిన మార్పులుంటే ముందే కాపీ తీసుకోండి, సెటప్ వాటిని చెరిపేస్తుంది.

ఈ వర్గానికి అసలు ఖర్చు లైసెన్స్‌లోనే ఉంది. ఒకసారి కొని పదేళ్లు వాడుకునే పద్ధతి పోయింది. సర్వర్‌కూ, వాడే ప్రతి ఒక్కరికీ చందా గానీ సాఫ్ట్‌వేర్ అష్యూరెన్స్ (లైసెన్స్ మీద విడిగా కట్టే, కొత్త వెర్షన్లకు హక్కిచ్చే ఒప్పందం) గానీ నడుస్తూనే ఉండాలి. సాఫ్ట్‌వేర్ అష్యూరెన్స్ ఇప్పటికే కడుతున్న కంపెనీకి ఈ అప్‌గ్రేడ్ గురించి చర్చ అనవసరం, వెంటనే వేసేయాలి. దాన్ని ఏనాడో ఆపేసి పాత లైసెన్స్‌తో నెట్టుకొస్తున్న కంపెనీ మాత్రం ఆగి లెక్క వేసుకోవాలి.

2016లో ఉన్నవాళ్ల సంగతి వేరు. 2016 మీద నేరుగా వేయడం కుదరదు. ఎక్స్‌ఛేంజ్ ఉన్న సర్వర్‌లో కింద విండోస్‌ను మాత్రమే పెంచడానికీ మద్దతు లేదు. కొత్త సర్వర్ మీద విండోస్ సర్వర్ 2019, 2022, 2025లలో ఒకటి వేసి, దానిపై ఎక్స్‌ఛేంజ్ పెట్టి, మెయిల్‌బాక్సులన్నీ తరలించాలి. యాక్టివ్ డైరెక్టరీ మొత్తం ఏ విండోస్ స్థాయిలో నడుస్తుందో చెప్పే ఫారెస్ట్ ఫంక్షనల్ లెవెల్ కనీసం 2012 ఆర్2 ఉండాలి. అంతకన్నా కింద ఉంటే మొదటి పని అదే.

ఇంత శ్రమకు దక్కేదేమిటంటే, అన్నిటికన్నా గట్టి లాభం వెతుకులాట. 2016లో వెతుకులాట సూచిక డేటాబేస్ పక్కన విడి ఫైళ్లుగా ఉండేది. అది పాడైపోవడం, మళ్లీ కట్టుకోవడం, ఈలోగా వెబ్ మెయిల్‌లో పాత ఉత్తరాలు దొరకకపోవడం చాలామంది అడ్మిన్‌లకు అనుభవమే. 2019 నుంచి ఆ సూచిక మెయిల్‌బాక్స్ లోపలే ఉంటుంది, డేటాబేస్ నకలుతో పాటే రెండో సర్వర్‌కు చేరుతుంది. అందుకే ఒక సర్వర్ పడిపోయి రెండోది అందుకున్నప్పుడు సూచిక కోసం ఎదురుచూడక్కర్లేదు. ఇది నిజంగా డబ్బు పెట్టదగ్గ మెరుగుదల. మెమరీ పరిమితి 192 నుంచి 256 జీబీకి, కోర్ల పరిమితి 24 నుంచి 48కి పెరగడం పెద్ద సంస్థలకే అక్కరకొస్తుంది. తరచూ చదివే డేటాను వేగమైన ఎస్‌ఎస్‌డీ మీద ఉంచే మెటాక్యాష్ వసతి డీఏజీ (డేటాబేస్ నకళ్లను పంచుకునే సర్వర్ల గుంపు) కట్టుకున్నవాళ్లకే, ఒక్క సర్వర్ కంపెనీకి దానితో పని లేదు. 2016 యూనిఫైడ్ మెసేజింగ్‌తో వాయిస్ మెయిల్ నడుపుతుంటే అది 2019లోనే తీసేశారని ముందే తెలుసుకోవాలి.

వాడేవాళ్లకు తేడా తెలుస్తుందా? చాలావరకు తెలియదు. ఔట్‌లుక్ క్యాష్డ్ మోడ్‌లో ఉంటే ఉత్తరాలు తెరుచుకునేది వాళ్ల సొంత డిస్కు నుంచే. "మెయిల్ వేగం పెరుగుతుంది" అన్న మాటతో యాజమాన్యాన్ని ఒప్పించి బడ్జెట్ తీసుకోవద్దు. ఆ మాట నిలబడదు.

హార్డ్‌వేర్‌కు వస్తే, మెయిల్‌బాక్స్ సర్వర్‌కు మైక్రోసాఫ్ట్ సిఫారసు 128 జీబీ మెమరీ. మెమరీకి తోడుగా డిస్కు మీద ఉండే పేజ్‌ఫైల్ మెమరీలో 25 శాతం, అంటే 32 జీబీ. స్టాండర్డ్ ఎడిషన్‌లో 5 డేటాబేస్‌ల వరకు మౌంట్ చేయొచ్చు, చాలా కంపెనీలకు అది సరిపోతుంది. 100 వరకు వెళ్లే ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌ను ఎందుకైనా మంచిదని కొనడం దండగ. డిస్కు విషయంలో మాత్రం పొదుపు పనికిరాదు. అంచనాలు ఎక్కువగా తప్పేది అక్కడే.

మెయిల్‌బాక్స్ తరలుతున్నప్పుడు కొత్త డేటాబేస్‌లో రాసే ప్రతి మార్పూ 1 ఎంబీ లాగ్ ఫైళ్లలో కూడా పడుతుంది. 200 మెయిల్‌బాక్సులు, ఒక్కోటి 5 జీబీ అనుకుంటే డేటా 1 టీబీ, లాగ్‌లు కూడా సుమారు మరో 1 టీబీ. బ్యాకప్ జరిగి పాతవి చెరిగితే తప్ప అవి పేరుకుంటూనే ఉంటాయి. లాగ్ డ్రైవ్ నిండిందంటే డేటాబేస్ డిస్‌మౌంట్ అవుతుంది, అర్ధరాత్రి అందరి మెయిల్ ఆగుతుంది. రోజువారీ బ్యాకప్ మధ్య ఎంత తరలించాలో లాగ్ డ్రైవ్ ఖాళీని బట్టి పెట్టుకోండి, లేదా తరలింపు అయ్యేదాకా సర్క్యులర్ లాగింగ్ (బ్యాకప్ కోసం ఆగకుండా పాత లాగ్‌లు చెరిగిపోయే పద్ధతి) పెట్టుకోండి. రెండోదానిలో చివరి బ్యాకప్ తర్వాతి మెయిల్‌ను లాగ్‌ల నుంచి తిరిగి రాబట్టలేరని తెలిసే పెట్టాలి. ఎన్ని రాత్రులు పడుతుందన్నది ఊహించకుండా ఐదు మెయిల్‌బాక్సులు తరలించి కొలవండి. గంటకు 10 జీబీ కదిలితే, 8 గంటల రాత్రిలో 80 జీబీ, 1 టీబీకి 13 రాత్రులు. అన్నిటికన్నా ముందు ఆర్బిట్రేషన్ మెయిల్‌బాక్సులను (ఎక్స్‌ఛేంజ్ తన సొంత పనులకు వాడుకునేవి) కొత్త సర్వర్‌కు మార్చండి, వాటిని మరిచిపోతే చివర్లో పాత సర్వర్ అన్‌ఇన్‌స్టాల్ కాదు.

కొత్త సర్వర్‌లో ఎక్స్‌ఛేంజ్ పడగానే అది తన సొంత పేరుతో ఆటోడిస్కవర్ చిరునామాను (ఔట్‌లుక్ తన సెట్టింగులు తెచ్చుకునే చోటు) యాక్టివ్ డైరెక్టరీలో నమోదు చేసేస్తుంది. కంపెనీలో ఉన్న ఔట్‌లుక్‌లు దాన్ని చూసి సర్టిఫికెట్ హెచ్చరికలు చూపిస్తాయి. ఇంకా ఒక్క మెయిల్‌బాక్స్ కూడా కదలకముందే ఫోన్లు మోగుతాయి. సెటప్ ముగిసిన నిమిషాల్లోనే ఆ చిరునామాను ఉమ్మడి పేరుకు మార్చాలి, లేదా సర్వర్‌ను మొదట విడి యాక్టివ్ డైరెక్టరీ సైట్‌లో పెట్టాలి. పని వేళల్లో ఇన్‌స్టాల్ చేయకూడదనడానికి ఈ ఒక్క కారణం చాలు.

2024 ఫిబ్రవరిలో వచ్చిన 2019 సీయూ14 నుంచి ఎక్స్‌టెండెడ్ ప్రొటెక్షన్ డిఫాల్ట్‌గా ఆన్ అవుతుంది. ఎన్‌టీఎల్‌ఎం రిలే దాడులను (ఒకరి లాగిన్‌ను మధ్యలో పట్టి సర్వర్‌కు పంపి చొరబడేవి) ఆపడానికి ఇది అవసరమే, ఆఫ్ చేసుకుని కూర్చోవద్దు. కానీ ట్రాఫిక్‌ను సర్వర్లకు పంచే లోడ్ బ్యాలెన్సర్ దగ్గర ఎస్‌ఎస్‌ఎల్ ఆఫ్‌లోడింగ్ (ఎన్‌క్రిప్షన్‌ను అక్కడే విప్పేయడం) ఉంటే ఇది పనిచేయదు. విప్పి మళ్లీ ఎన్‌క్రిప్ట్ చేసే బ్రిడ్జింగ్ వాడేచోట బ్యాలెన్సర్ మీదా, ఎక్స్‌ఛేంజ్ మీదా ఒకే సర్టిఫికెట్ ఉండాలి. కంప్యూటర్లలో యాంటీవైరస్ హెచ్‌టీటీపీఎస్‌ను విప్పి చూస్తున్నా ఔట్‌లుక్ పాస్‌వర్డ్ అడుగుతూనే ఉంటుంది. అలాంటప్పుడు పాస్‌వర్డ్ మార్చి ప్రయోజనం లేదు. మైక్రోసాఫ్ట్ ఇచ్చే హెల్త్‌చెకర్ స్క్రిప్ట్‌ను ముందూ తర్వాతా నడిపితే, సర్వర్ల మధ్య టీఎల్‌ఎస్ (ఎన్‌క్రిప్షన్ ప్రోటోకాల్) సెట్టింగుల తేడాలతో సహా చాలావరకు బయటపడతాయి.

ఇక స్కానర్లు, ప్రింటర్లు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్. ఇవన్నీ పాత సర్వర్‌లో పాస్‌వర్డ్ అడగకుండా మెయిల్ తీసుకునే అనామక రిలే కనెక్టర్ ద్వారా మెయిల్ పంపుతుంటాయి, వాటి జాబితా ఎవరి దగ్గరా ఉండదు. పాత సర్వర్‌లో ఎస్‌ఎంటీపీ ప్రోటోకాల్ లాగ్‌ను కనీసం ఒక నెల, నెలాఖరు బిల్లులు కూడా వెళ్లేలా, ఆన్ చేసి ఉంచి ఐపీలు రాసుకోండి. కొత్త సర్వర్ టీఎల్‌ఎస్ 1.2 అడుగుతుంది, టీఎల్‌ఎస్‌తో పంపుతూ 1.2ను ఎరగని పాత యంత్రాలు నిశ్శబ్దంగా ఆగిపోతాయి. బయటికి వెళ్లే ఐపీ మారితే మెయిల్ మీ సర్వర్‌దేనని అవతలివాళ్లు సరిచూసుకునే ఎస్‌పీఎఫ్, పీటీఆర్ డీఎన్‌ఎస్ రికార్డులు అదే రోజు మార్చాలి. ఫోన్లలో మెయిల్ రావట్లేదని ఒకరిద్దరే, అందులోనూ అడ్మిన్ హక్కులున్నవాళ్లే ఫిర్యాదు చేస్తే, వాళ్ల ఖాతాల్లో పర్మిషన్ ఇన్‌హెరిటెన్స్ (పై స్థాయి అనుమతులు కిందికి రావడం) ఆగిపోయిందేమో చూడండి.

ఇప్పుడు లెక్క. ఐదేళ్లకు వేయాలి: లైసెన్స్ చందాలు, సర్వర్, డిస్కు, బ్యాకప్, సర్టిఫికెట్, స్పామ్ ఫిల్టర్, తరలింపు గంటలు. అందరూ వదిలేసేది నిర్వహణ గంటలు. ఏడాదికి రెండు సీయూల వరకు వస్తాయి, మధ్యలో సెక్యూరిటీ అప్‌డేట్లు. వెనకబడితే మద్దతు పోతుంది. ఆ పనికి రాత్రి కూర్చునే మనిషి కావాలి, ఆ మనిషి సెలవులో ఉన్నప్పుడు ఇంకొకరు కావాలి. 2021 మార్చి 2న ఎక్స్‌ఛేంజ్‌లోని ప్రాక్సీలాగాన్ లోపాలకు ప్యాచ్‌లు వచ్చేనాటికే దాడులు జరుగుతున్నాయి, రోజుల తేడాతో ప్యాచ్ వేసిన సర్వర్లలోకీ చొరబడ్డారు. 2022 జనవరి 1న మాల్వేర్ స్కానర్ వెర్షన్ నంబర్ 2201010001 అయింది, 32 బిట్ల పూర్ణాంకంలో పట్టే 2147483647ను అది దాటిపోవడంతో సొంత సర్వర్లలో మెయిల్ క్యూలోనే నిలిచిపోయింది. కొత్త సంవత్సరం నాడు సర్వర్ ముందు కూర్చోగల మనిషి మీ కంపెనీలో ఉన్నారా అన్నది లైసెన్స్ ధర కన్నా పెద్ద ప్రశ్న.

మా తీర్పు సూటిగా చెబుతాం. డేటా బయటికి వెళ్లకూడదన్న నిబంధన, నమ్మదగని ఇంటర్నెట్ లైన్, సర్వర్‌తో ముడిపడిన సొంత అప్లికేషన్లు, వీటిలో ఒక్కటైనా గట్టిగా ఉంటే, నిర్వహించే మనుషులు కూడా ఉంటే, సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్ గిట్టుబాటే. 2019 వాళ్లు ఆలస్యం చేయకూడదు. 2016లో ఉండి, ఒకే సర్వర్, ఒకే అడ్మిన్, పై కారణాల్లో ఏదీ లేని కంపెనీకి ఇది గిట్టదు. అంతే తరలింపు శ్రమతో నేరుగా క్లౌడ్‌కు వెళ్లొచ్చు. ఎక్స్‌ఛేంజ్ ఆన్‌లైన్ ప్లాన్ 1లో మెయిల్‌బాక్స్‌కు 50 జీబీ, ప్లాన్ 2లో 100 జీబీ వస్తుంది. కొత్త హార్డ్‌వేర్‌కు ఆర్డర్ ఇచ్చాక ఈ ఆలోచన చేసి లాభం లేదు.

క్లౌడ్‌కు వెళ్లాక కూడా డైరెక్టరీ సింక్ (సొంత యాక్టివ్ డైరెక్టరీ ఖాతాలు క్లౌడ్‌కు చేరుతూ ఉండటం) కొనసాగితే, కేవలం నిర్వహణ కోసం ఉంచే సర్వర్‌కు హైబ్రిడ్ లైసెన్స్ ఉచితంగానే దొరుకుతుంది. ఆ సర్వర్ కూడా వద్దనుకుంటే 2022 ఏప్రిల్‌లో వచ్చిన 2019 సీయూ12 నుంచి మేనేజ్‌మెంట్ టూల్స్‌తోనే పని నడుపుకోవచ్చు. అప్పుడు చివరి సర్వర్‌ను ఆపేయాలే తప్ప అన్‌ఇన్‌స్టాల్ చేయకూడదు. చేస్తే డైరెక్టరీలోంచి అది తీసేసే వాటితో ఆ టూల్స్ కూడా పనికిరాకుండా పోతాయి.